బొగ్గు తెల్లబడేదాకా

పోయిన మే నెలలో మా బావమరిది కుటుంబం బెంగళూరు నుంచి సెలవులకు వచ్చింది. వచ్చిన రెండో రోజే వాడి పిల్లలిద్దరూ డాబా ఎక్కి, నీళ్ళ ట్యాంకు పక్కన ఖాళీ చూసి, "మావయ్యా, ఇంత జాగా పెట్టుకుని మీరు బార్బెక్యూ చేసుకోరా?" అని అడిగారు. అక్కడ టేబుల్ మధ్యలో నిప్పులు పెట్టి, చువ్వలకు గుచ్చిన ముక్కలు తెచ్చే హోటళ్ళకు వెళ్ళి అలవాటైన పిల్లలు. ఆ మాటకి నాకు రోషం వచ్చింది. నిప్పు, కోడి, ఉప్పూ కారం. ఇందులో చేతకాకపోవడానికి ఏముంది అనుకున్నాను.

మా శ్రీకాకుళంలో మే నెల ఎండ సంగతి అలా ఉంచండి, సాయంత్రం ఉక్క మరీ ఘోరం. ఒంటి మీద బనీను నిలవదు. ఆ ఉక్కలో డాబా మీద నిప్పులు రాజేస్తానంటే మా అమ్మ నవ్వింది. "నెత్తి మీద కుంపటి అంటారు చూడు, అదేరా ఇది. ఇంటి నెత్తి మీదే ఎడతన్నావు" అంది.

ఏ రోజు పెట్టాలన్నది ఇంకో పెద్ద చర్చ. ఆదివారం అందామంటే అరసవల్లి ఊళ్ళో ఉన్నట్టే లెక్క, ఆదివారం సూర్యనారాయణమూర్తి రోజు, మా అమ్మ ఇంట్లోకి నీచు రానివ్వదు. శనివారం వెంకన్నది. సోమవారం శివుడిది. మంగళవారం మా ఆవిడ ఆంజనేయస్వామికి మొక్కుకుంది. శుక్రవారం అమ్మవారిది. గురువారం మా పాప సాయిబాబా గుడికి వెళ్తుంది. అన్నీ కొట్టేస్తే బుధవారం తేలింది. మా ఇంట్లో మొదటి బార్బెక్యూ బుధవారం నాడు, నేను ఆఫీసు నుంచి వచ్చి చెమట తుడుచుకోకముందే మొదలైంది.

బావమరిది ఆన్‌లైన్‌లో మడతపెట్టే గ్రిల్ ఒకటి తెప్పించాడు. రేకు ఎంత పల్చనంటే బొటనవేలితో నొక్కితే సొట్ట పడింది. బొగ్గుల కోసం మా వీధి చివర ఇస్త్రీ బండి దగ్గరికి వెళ్ళాను. రెండు కిలోలు అడిగితే ఆయన నన్ను ఎగాదిగా చూసి, "పెట్టె కొన్నారా బాబూ? నా పొట్ట కొట్టేస్తారా ఏటి?" అన్నాడు. కాదు, కోడిని ఇస్త్రీ చేస్తాం అన్నాను. ఆ రోజు నేను వేసిన జోకుల్లో నిజమైంది అదొక్కటే.

చికెన్ నేనే నానబెట్టాను. రెండు కిలోల లెగ్ పీసులు. పెరుగు, అల్లం వెల్లుల్లి, కారం, ఆరు నిమ్మకాయల రసం. మెత్తగా వస్తుందని ఎక్కడో చూసి, పచ్చి బొప్పాయి ముక్క కూడా నూరి కలిపాను. రాత్రంతా ఫ్రిజ్‌లో పెట్టాను. సాయంత్రం తీసి చూస్తే ముక్క పైపొర జారిపోతోంది, వేలు పెడితే పిండిలా చేతికి అంటుకుంది. పచ్చి బొప్పాయిలో పపెయిన్ అనే ఎంజైమ్ ఉంటుంది, అది మాంసపు పీచుని తెంచుతూ పోతుంది. ముదురు మేక మాంసానికి పనికొస్తుంది గానీ ఫారం కోడికి అసలు అవసరమే లేదు. దానికి తోడు ఆరు నిమ్మకాయలు. పొయ్యి ఎక్కకముందే కోడి సగం చచ్చిపోయింది, అంటే రెండోసారి.

ఇక నిప్పు. బొగ్గులు పోసి, మధ్యలో పది కర్పూరం బిళ్ళలు పెట్టి అంటించాను. మంట భగ్గున లేచింది. పిల్లలు చప్పట్లు కొట్టారు. ఆ ఊపులో ముక్కలన్నీ జాలీ మీద పేర్చేశాను. కొవ్వు కరిగి కింద పడ్డ ప్రతిసారీ మంట ఇంకాస్త ఎగిసింది. ఏడెనిమిది నిమిషాల్లో ముక్కలు మసిబొగ్గులయ్యాయి. ఫొటోలో బ్రహ్మాండంగా ఉన్నాయి. బావమరిది ఒకటి కొరికి, కాసేపు నమిలి, "బావా, గుళ్ళో హారతి కళ్ళకద్దుకున్నట్టుంది" అన్నాడు. కర్పూరం వాసన ముక్కలోకి ఎక్కేసింది. ఎముక దగ్గర చూస్తే ఇంకా గులాబీ రంగు. అన్నీ కిందికి పట్టుకొచ్చి, మాడు గీకి, మా ఆవిడ కుక్కర్లో వేసి మూడు విజిళ్ళు పెట్టి పులుసు చేసింది. పులుసు బాగుందని అందరూ మెచ్చుకున్నారు. అది మరీ కష్టంగా అనిపించింది.

మర్నాడు పొద్దున్న అమ్మ కాఫీ గ్లాసు నా చేతికిస్తూ, "నల్ల బొగ్గు మీద ఎవరైనా కాలుస్తారేట్రా? తెల్లబడనియ్యాల గదా" అంది. అంతే అంది. మా పాత ఊళ్ళో అమ్మకి వంటింటి గడప పక్కన మట్టి కుంపటి ఉండేది. ఎండుచేపలు దాని మీద కాల్చి చద్దన్నంలోకి పెట్టేది. ఆ కుంపటి మీద మంట నేనెప్పుడూ చూడలేదు. బూడిద కప్పుకున్న నిప్పులుండేవి, అంతే. చూసి చూసి కూడా నేను అది పట్టించుకోలేదు. వంటంటే మసాలా అనే అనుకున్నాను.

ఆ పల్చటి గ్రిల్‌ని పాత సామాన్లవాడికి ఇచ్చేసి, వెల్డింగ్ షాపుకి వెళ్ళాను. పెద్ద ఇనప డ్రమ్ముని నిలువునా కోయించి పొయ్యి చేయిద్దామని నా ఆలోచన. షాపాయన వద్దన్నాడు. "ఇంట్లో ఎందరు సార్, ఎనిమిది మందా? డ్రమ్ములో సగానికి మీరు అయిదారు కిలోల బొగ్గు పోయాల. ఊరంతటికీ వండుతారా ఏటి?" అన్నాడు. మందపాటి రేకుతో రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, ముప్పావు అడుగు లోతున్న పెట్టె చేసిచ్చాడు. అడుగు నుంచి రెండంగుళాల ఎత్తులో ఒక చువ్వల పళ్ళెం, దాని మీద బొగ్గులు. బూడిద కిందికి రాలుతుంది, గాలి కింద నుంచి వస్తుంది. రెండు కొసల్లో గాలి కన్నాలు, వాటికి జారే రేకు మూతలు. మూత తెరిస్తే నిప్పు పెరుగుతుంది, మూస్తే తగ్గుతుంది. గ్యాస్ స్టవ్ చెవి తిప్పినట్టే.

పైన జాలీ కోసం నేను హార్డ్‌వేర్ కొట్టులో మెరిసిపోయే కోళ్ళ గూటి జాలీ కొని పట్టుకెళ్ళాను. ఆయన దాన్ని చేత్తో కూడా ముట్టుకోలేదు. "దీని మీద జింకు పూత ఉంటాది సార్. నేను దీన్ని వెల్డింగ్ చేసిన రోజు పొగ పీలిస్తే రాత్రికి చలి జ్వరం వచ్చేస్తాది. దీని మీద తినే వస్తువు పెడతారా?" అన్నాడు. రెండు వేలిచ్చి పొయ్యి చేయించుకుంటే ఆ సలహా ఊరికే వచ్చింది. ఎనిమిది ఎం.ఎం. మామూలు ఇనప చువ్వలు వేలు సందు వదిలి అతికించి ఇచ్చాడు. లోపల రంగు వేయొద్దని చెప్పాడు. ఇంటికొచ్చాక వట్టి నిప్పులు పోసి గంటసేపు కాల్చాను. చువ్వలకి మంచి నూనె రాసి, పొగ వచ్చేదాకా కాల్చి, చల్లార్చి, మళ్ళీ రాసి, ఇలా నాలుగు సార్లు. కొత్త ఇనప దోసె పెనాన్ని వాడకంలో పెట్టడం ఎలాగో ఇదీ అంతే. పదును పట్టని పెనం దోసెని ఎలా వదలదో, పదును పట్టని చువ్వ చేపని అలాగే వదలదు. (మా వైపు మంచి నూనె అంటే నువ్వుల నూనె. బయటివాళ్ళకి చెప్పాల్సి వస్తోంది ఈ మధ్య.)

బొగ్గు గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే నేను ఎక్కువ తప్పులు అక్కడే చేశాను.

ఇస్త్రీ బొగ్గు చెడ్డది కాదు. కాకపోతే దానిలో సగం కాలిన కట్టె ముక్కలుంటాయి. అవి పొగ పెడతాయి, కళ్ళు మండుతాయి. తుమ్మ బొగ్గు గట్టిగా ఉంటుంది, నిప్పు చాలాసేపు నిలుస్తుంది. సరుగుడు బొగ్గు తొందరగా అంటుకుంటుంది, మన కోస్తా అంతా సరుగుడు తోటలే కాబట్టి దొరకడం కష్టం కాదు. అన్నిటికంటే వేడి ఎక్కువ, పొగ తక్కువ ఇచ్చేది కొబ్బరి చిప్పల బొగ్గు. అది మాకు ఉద్దానం నుంచి వచ్చింది. వజ్రపుకొత్తూరు వైపు మా చిన్నాన్నకి కొద్దిగా తోట ఉంది. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఆ తోటలో సగానికి పైగా కొబ్బరి చెట్లు పడిపోయాయి. తరవాత వేసిన మొక్కలు ఇప్పుడిప్పుడే కాపుకొస్తున్నాయి. చిప్పలు గోనెసంచిలో వేసి బస్సు మీద పంపాడు. వాటిని నేలలో గొయ్యి తీసి అంటించి, మంట తగ్గి ఎర్రటి నిప్పులవుతుండగా పైన రేకు కప్పి, అంచుల వెంట మట్టి పోసి గాలి ఆడకుండా మూసేశాను. మర్నాడు తెరిస్తే గలగలలాడే బొగ్గు. గొయ్యి పూర్తిగా చల్లారకుండా తెరిస్తే గాలి తగిలి మళ్ళీ అంటుకుంటుంది, నాకు ఒకసారి అంటుకుంది కూడా.

చిన్నాన్న ఆ సంచితోపాటు ఇంకో చిన్న సంచి పంపాడు. జీడిపిక్కల పెంకులు. పలాసలో జీడి కార్ఖానాల దగ్గర గుట్టలుగా పడుంటాయి, బట్టీల్లోకి వాడతారు, బాగా మండుతాయని పంపాడు. మండాయి. చిటపటలాడుతూ నల్లటి పొగతో మండాయి. జీడిపెంకులో ఉండే నూనె ఒంటికి తగిలితే బొబ్బలెక్కిస్తుందని చిన్నప్పటి నుంచి తెలిసిన విషయమే, పిక్క కొట్టే ఆడవాళ్ళు చేతులకు బూడిదో నూనో రాసుకోవడం చూసినవాణ్ణే. ఆ నూనె పొగ పైకి లేస్తుందన్న ఆలోచన మాత్రం నాకు రాలేదు. ఒక చుక్క ఎగిరి మణికట్టు మీద పడింది, ఆ మచ్చ ఇప్పటికీ ఉంది. కళ్ళ మంట రెండు రోజులు. ఆ రోజు పొయ్యి మీద ఇంకా ఏమీ పెట్టలేదు కాబట్టి బతికిపోయాం. బట్టీ సంగతి వేరు, తిండి సంగతి వేరు. జీడిపెంకులు పొయ్యి దగ్గరికి కూడా రానివ్వకండి.

బొగ్గు ఉంది, మరి అంటించడమెలా? కర్పూరం అయిపోయింది, కిరసనాయిలు వాసన కర్పూరం కంటే పాపం. మా వీధి మొగలో పకోడీ కొట్టు ఉంది. ఆయన దగ్గర పదిహేను కిలోల నూనె డబ్బా ఖాళీది ఒకటి తెచ్చి, పైనా కిందా రేకులు కోసేసి, అడుగు వైపు చుట్టూ మేకుతో కన్నాలు పొడిచాను. లోపల అడుక్కి నాలుగంగుళాలు పైన రెండు ఇనప చువ్వలు అడ్డంగా దూర్చి వాటి మీద చిన్న జాలీ ముక్క పెట్టాను, జింకుది కాదు. డబ్బా మూడు ఇటుకల మీద నిలబెట్టి, జాలీ కింద నూనె రాసిన పాత పేపర్లు నలిపి పెట్టి, పైన బొగ్గు నింపి, పేపరుకి అగ్గిపుల్ల గీస్తే చాలు. వేడిగాలి పొగగొట్టంలో లాగా పైకి లాక్కుంటుంది, కింద నుంచి కొత్త గాలి దూసుకొస్తుంది. విసనకర్ర అక్కర్లేదు, ఊదక్కర్లేదు, హెయిర్ డ్రయ్యర్ తెచ్చి మా ఆవిడ చేత తిట్లు తినక్కర్లేదు. ఇరవై, ఇరవై అయిదు నిమిషాలకి పై బొగ్గుల అంచులు కూడా బూడిద రంగుకి తిరుగుతాయి. అప్పుడు మందపాటి గుడ్డ పట్టుకుని పొయ్యిలో కుమ్మరించాలి. అమ్మ చెప్పిన తెల్లబడ్డం అంటే అదే.

ఆ ఇరవై నిమిషాలు ఆగడం నాకు మొత్తం పనిలోకెల్లా కష్టమైన భాగం. ఆకలేసిన పిల్లలు చుట్టూ తిరుగుతుంటారు, బావమరిది "అయిందా బావా" అంటుంటాడు, మనకేమో ఏదో ఒకటి చేస్తూ కనబడాలనిపిస్తుంది.

వేడి ఎంతుందో చూడడానికి నాకు థర్మామీటరు ముందు అమ్మ లెక్క దొరికింది. అరచెయ్యి జాలీకి జానెడు పైన పెట్టి, ధాన్యం కొలిచినట్టు లెక్కపెట్టమంది. "లాభం, రెండు, మూడు..." మూడు అనేలోపు చెయ్యి లాగేసుకుంటే నిప్పు జోరుగా ఉన్నట్టు, రొయ్యలకి అది. అయిదారు దాకా ఆగగలిగితే మధ్యరకం, కోడికి అది. ఎనిమిది దాటితే నిప్పు చల్లబడుతున్నట్టు. మా పిల్లలకి ఒకటిని లాభం అంటారని అప్పుడే తెలిసింది. తరవాత ఇది ఎక్కడెక్కడి వాళ్ళో చేసే పద్ధతేనని చూశాను, వాళ్ళు సెకన్లలో లెక్కపెడతారు, అంతే తేడా.

రెండో బుధవారం చికెన్ ఇలా చేశాను. కిలో లెగ్ పీసులకి ఎముక దాకా మూడేసి గాట్లు. ముందు రెండు టీస్పూన్ల ఉప్పు ఒక్కటే పట్టించి గంట వదిలేశాను. ఉప్పు లోపలికి దిగాలంటే దానికి టైమివ్వాలి, మసాలా ఎంత దట్టించినా అది పైపైనే ఉంటుంది. తరవాత గుడ్డలో కట్టి నీళ్ళు దించిన గట్టి పెరుగు చిన్న గిన్నెడు, అల్లం వెల్లుల్లి ముద్ద రెండు పెద్ద చెంచాలు, కారం రెండు టీస్పూన్లు, ధనియాల పొడి, పసుపు, అర చెంచా గరం మసాలా, రెండు చెంచాల మంచి నూనె. నిమ్మరసం అసలు వెయ్యలేదు, తినేటప్పుడు పిండుకోవచ్చు. నాలుగు గంటలు చాలు.

బొగ్గులన్నీ పొయ్యిలో ఒక పక్కకే నెట్టాను. రెండో పక్క ఖాళీ. నేను చేసిన మార్పుల్లో పెద్దది ఇదే. ముక్కలు ఖాళీ వైపు పేర్చి, పైన పెద్ద స్టీలు బేసిను బోర్లించి, ఒక అంచు కింద చిన్న రాయి పెట్టాను, పొగ పోవడానికి. కింద నిప్పు లేదు కాబట్టి కొవ్వు కారినా మంట లేవదు. వేడి బేసిను లోపల తిరుగుతూ ముక్కని నాలుగు వైపులా ఉడికిస్తుంది. మధ్యలో ఒక్కసారి తిప్పి, ముప్పై అయిదు నిమిషాలకి మూత తీశాను. చూడ్డానికి ఏమంత బాగాలేదు, పాలిపోయినట్టున్నాయి. అప్పుడు ఒక్కొక్కటే నిప్పుల వైపుకి జరిపి పక్కకి రెండేసి నిమిషాలు. రంగు అక్కడ వచ్చింది.

మా పాప ఈలోగా గుచ్చి చూసే థర్మామీటరు తెప్పించింది. కోడి మాంసం లోపల 74 డిగ్రీల సెల్సియస్ దాటితే భయం లేదు. లెగ్ పీసు మాత్రం 80 దాటితేనే ఎముక దగ్గర జిగురు కరిగి రుచిగా ఉంటుంది. సూది మొన ఎముకకి తగలకూడదు, తగిలితే లెక్క తప్పుతుంది. రసం తెల్లగా వస్తే ఉడికినట్టే అంటారు గానీ నేను దాన్ని నమ్మడం మానేశాను. అమ్మ ఆ థర్మామీటరుని చూసి, "కోడికి జొరమేటి?" అంది.

పైన పూతకి నేను ఆవ వాడాను. మన వైపు పనసపొట్టు కూరకైనా, అరటికాయకైనా ఆవ పెట్టడం ఉండనే ఉంది, కోడికెందుకు పెట్టకూడదు? చిక్కటి చింతపండు గుజ్జు, దానికి సగం బెల్లం, దంచిన ఎండుమిర్చి, చిటికెడు ఉప్పు కలిపి ముద్దగా ఉడికించాను. బెల్లం ఉన్న పూత మొదటే రాస్తే నల్లగా మాడుతుంది, కాబట్టి చివరి రెండు నిమిషాల్లోనే. ఆవముద్ద మాత్రం నిప్పు మీద అసలు వద్దు, కూరలో కూడా దింపాకే కదా కలుపుతాం, ఉడికితే చేదెక్కుతుంది. ముక్కలు పళ్ళెంలోకి తీశాక, మిగిలిన పూతలో ఆవముద్ద కలిపి, వేడివేడి ముక్కల మీద కుంచెతో రాశాను. ఆవ ఘాటు ముక్కులోకి ఎక్కింది. బావమరిది ఒక్క మాట మాట్లాడకుండా నాలుగు ముక్కలు తిన్నాడు. నాకది చాలు.

చేపలు పెడదామంటే కాలం కలిసిరాలేదు. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, మన తీరంలో మరపడవల వేట బంద్. చేపలు గుడ్లు పెట్టే కాలమది. తెప్పల మీద వెళ్ళేవాళ్ళు తెచ్చింది కొంచెం దొరుకుతుంది, ధర అడగ్గానే గుండె జారుతుంది. వేసవిలో వంజరం కాల్చుకుందాం అనుకునేవాళ్ళు మన దగ్గర ఈ లెక్క ముందే చూసుకోవాలి. చెరువు పండుగప్ప దొరికింది, ముప్పావు కిలోది. అరిటాకుని నిప్పు మీద వాడ్చి, మెత్తబడ్డాక, పచ్చి మామిడి తురుము, పచ్చిమిర్చి, కొబ్బరి, ఉప్పు నూరిన ముద్ద చేప లోపలా పైనా పెట్టి, పొట్లం కట్టి, మధ్యరకం నిప్పు మీద పక్కకి పదేసి నిమిషాలు. ఆకు మాడినా పరవాలేదు, లోపల చేప ఆవిరికి ఉడుకుతుంది, చువ్వలకి అంటుకునే బాధ లేదు.

రొయ్యలు మాత్రం చెరువువే ఎప్పుడూ దొరుకుతాయి కాబట్టి వాటికి నిషేధం బెడద లేదు. 40 కౌంట్, అంటే కిలోకి నలభై తూగే, వెనామీ రకం రొయ్యలు తెచ్చి, పెంకు ఉంచి, వెన్ను మీద గీరి నరం తీసి, ఉప్పు, మిరియాలు, వెల్లుల్లి, నూనె. కొబ్బరి ఈనెలు అరగంట నీళ్ళలో నానబెట్టి, రెండేసి ఈనెలకి కలిపి గుచ్చాను. ఒక్క ఈనెకి గుచ్చితే తిప్పినప్పుడు ఈనె తిరుగుతుంది గానీ రొయ్య తిరగదు. జోరు నిప్పు మీద పక్కకి రెండు నిమిషాలు. కొడవలిలా వంగితే దించెయ్యాలి. ఉంగరంలా చుట్టుకుపోయిందంటే రబ్బరయిపోయినట్టే. మొదటి విడత నాకు అన్నీ ఉంగరాలే.

ఇంకో సాయంత్రం సంగతి చెప్పడానికి ఇప్పటికీ కొంచెం సిగ్గుగా ఉంది. నిప్పులు బాగా కుదిరాయి, చికెన్ పెట్టాం. ఉన్నట్టుండి పడమటి నుంచి నల్లటి మబ్బు, ఈదురుగాలి, ఉరుములు. మే నెలలో మనకిది మామూలే. ముందు అమ్మ ఆరబెట్టిన వడియాల చాపలు లోపలికి లాగాం. తరవాత, అంత కష్టపడి చేసిన నిప్పు తడిసిపోతుందని, నేనూ బావమరిదీ పొయ్యిని చెరో పక్కా గుడ్డలతో పట్టుకుని మెట్ల గదిలోకి తెచ్చాం. జల్లు లోపలికి కొడుతోందని తలుపేశాం. పదిహేను నిమిషాలు గడిచాయేమో, మా బావమరిది చిన్న కొడుకు తలనొప్పి అన్నాడు. కాసేపటికి నాకూ కణతలు పోటెత్తాయి. పొగ లేదు, వాసన లేదు, అందుకే అనుమానం రాలేదు. కిందనుంచి మా పాప వచ్చి తలుపు తీసి, "నాన్నా, బొగ్గు మూసిన గదిలో పెట్టకూడదు, కార్బన్ మోనాక్సైడ్" అని అరిచింది. దానికి రంగూ వాసనా ఉండవు. నిప్పు ఎర్రగా, పొగ లేకుండా ఉన్నా అది వస్తూనే ఉంటుంది. అందరం వానలోకి పరిగెత్తాం. గాలి తగిలాక పిల్లాడు తేరుకున్నాడు. నేను ఆ రాత్రి రెండుసార్లు లేచి వాడి ఊపిరి చూశాను. చికెన్ పోతే పోయింది. అప్పటి నుంచి పొయ్యి డాబా మీదే తడుస్తుంది. పొయ్యి కింద రెండు వరసలు ఇటుకలు, ఇసుక పోసి ఉంచుతున్నాను, లేకపోతే వేడికి డాబా గచ్చు పెట్లుతుంది. పక్కన ఒక బకెట్ నీళ్ళు కూడా.

ఆదివారాలు కూరగాయలవి. ఇది మొదట అమ్మ కోసం మొదలుపెట్టి, తరవాత నాకే ఎక్కువ ఇష్టమైంది. ఆదివారం నిప్పుకి తొందర లేదు, మాడినా ఎవరూ బాధపడరు. పెద్ద వంకాయలకి ఫోర్కుతో గాట్లు పెట్టి, లేకపోతే పేలతాయి, తిన్నగా నిప్పుల మీదే పడేస్తాను. తొక్క బొగ్గయి, కాయ కూలబడిపోయే దాకా. పక్కనే టమాటాలు, ఉల్లిపాయలు, గాటు పెట్టిన పచ్చిమిర్చి. తొక్క తీసి చేత్తో మెదిపి, చింతపండు, కాస్త బెల్లం, ఉప్పు, పచ్చి ఉల్లిపాయ ముక్కలు, పైన మంచి నూనె. వేడన్నంలో ఈ పచ్చడి ఉంటే ఇంకేమీ అక్కర్లేదు. పొత్తులు ఆకులతోనే పావుగంట నానబెట్టి, పది నిమిషాలు నిప్పు పక్కన మగ్గనిచ్చి, ఆకు ఒలిచి చివర్లో మచ్చలు పడేలా కాలుస్తాను. జూన్‌లో సీతంపేట కొండల నుంచి అనాస వస్తుంది. వేలెడు మందం చక్రాలు కోసి, ఉప్పూ కారం జల్లి, పక్కకి రెండు నిమిషాలు. పిల్లలు చికెన్ మర్చిపోయారు.

అన్నీ అయ్యాక, పొయ్యిలో ఎర్రటి కళ్ళు అక్కడక్కడా మిగిలి ఉండగా, అమ్మ మెల్లగా మెట్లెక్కి వస్తుంది, కొంగులో పనసపిక్కలు. ఒక్కోదానికి కత్తితో చిన్న గాటు పెట్టి బూడిదలో పూడ్చి, పైరగాలికి కుర్చీ వేసుకుని కూర్చుంటుంది. మేం గిన్నెలు కిందికి మోసుకుని తిరిగొచ్చేసరికి పిక్కలు కాలి ఉంటాయి. పైన తొక్క పెళుసుగా, లోపల పిండి పిండిగా. గాటు మర్చిపోయిన పిక్క ఒక్కటైనా ఉంటుంది, అది ఢామ్మని పేలి అందరినీ ఉలిక్కిపడేలా చేస్తుంది. అమ్మ కావాలనే ఒకటి వదిలేస్తుందని మా పాప అనుమానం.

బెంగళూరు వెళ్ళాక బావమరిది పెద్ద గ్రిల్ ఒకటి కొన్నాడు. మూత, చక్రాలు, మీటరు, అన్నీ ఉన్నదట. పోయిన నెల ఫోన్ చేసి, "బావా, నీకొచ్చినట్టు రావట్లేదు, నిప్పే సరిగ్గా అంటుకోవట్లేదు. బొగ్గు అంటించడానికి నువ్వు వాడే ఆ డబ్బా ఏ కంపెనీది? ఆన్‌లైన్‌లో దొరుకుతుందా?" అని అడిగాడు.

పకోడీ కొట్టు పేరు చెప్పాను.